నక్క దారి కొలిచిన పిన్నిగారు

పిల్లల కథలు రాసే పిన్నిగారు పోయారని మా మరిది వచ్చి చెప్పినప్పుడు మా ఇంట్లో ఎవరమూ ఏడవలేదు. ఎవరమూ నమ్మలేదు కాబట్టి. మరిది పోర్టులో పనిచేస్తాడు. డ్యూటీ దిగి మల్కాపురంలో టీ తాగుతుంటే పక్కన ఎవరో అనుకుంటుండగా విన్నాడట.

"ఎవులనుకుంతన్నారు?" అని మా అత్తగారు నిలదీసింది.

"తెల్దే అమ్మా. పాత ఊరోలే."

"ఆలు సూసేరా? ఇన్నారా?"

మా అత్తగారు చేటలో బియ్యం మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది.

ఆమె అలా అడగడానికి కారణం ఉంది. ఇంతకుముందు ఒకసారి కూడా ఆవిడ పోయారని మా కాలనీలో పుకారు పుట్టింది. వారం తిరక్కుండా గొడుగూ చేతిసంచీ పట్టుకుని ఆవిడే బస్సు దిగారు. గుమ్మంలోనే నిలబడి, "నేను చచ్చిపోయానన్నది ఎవరో కనుక్కుందామని వచ్చాను. అందులో వాళ్ళకేం లాభమో తెలియాలి కదా" అన్నారు. ఆ మాట ఎవరి నోటి నుంచి ఎవరి చెవికి వచ్చిందో ఇల్లిల్లూ తిరిగి వెనక్కి లాక్కుంటూ వెళ్ళి, చివరికి చేపలమ్మే ఆమె దగ్గర తేల్చారు. పోయింది ఇంకెవరో టీచరమ్మట. అది తేలాకగానీ ఆవిడ మా ఇంట్లో మంచినీళ్ళు ముట్టలేదు.

అందుకని మర్నాడు నేనే పట్నంలో ఆవిడ ఉండే పాత ఊరు పేటకు వెళ్ళాను. సందు మలుపు తిరగ్గానే తెలిసిపోయింది. ఆవిడ ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. పిన్నిగారు బతికుండగా ఆ తలుపు ఎప్పుడూ అలా లేదు. లోపల గొళ్ళెం, గొళ్ళేనికి తాడు, "ఎవరు?" అన్న ప్రశ్న, ఆ పైన "ఏం పని?" అన్న ప్రశ్న, ఇవన్నీ దాటితేనే లోపలికి వెళ్ళేది. మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చి, మళ్ళీ లేవలేదని ఆవిడ మేనకోడలు చెప్పింది.

ఆవిడ కథలు మీలో చాలామంది పిల్లలకు చదివి వినిపించే ఉంటారు. పేరు మాత్రం ఇక్కడ రాయను. పేరు పెట్టి పిలిచేవాళ్ళంటే ఆవిడకు గిట్టేది కాదు. "పేరు పెట్టి పిలిచారంటే ఏదో పనిబడే ఉంటుంది" అనేవారు. నేను పిన్నిగారూ అనేదాన్ని. మా ఊళ్ళోవాళ్ళు కథలమ్మగోరు అనేవారు. అదీ ఎదురుగా ఉన్నప్పుడు. వెనకాల ఏమనేవారో ముందు ముందు చెప్తాను.

ఇప్పుడు ఉక్కు కర్మాగారం ఉన్న వైపున, కొండకీ సముద్రానికీ మధ్య ఉండేది మా పల్లె. జీడితోటలు, సరుగుడు తోపులు, ఇసుక కలిసిన మెట్ట, పల్లంలో కాస్త వరి. నేను కోడలిగా వెళ్ళి ఎక్కువ కాలం కాలేదు. ఎమర్జెన్సీ రోజులు. గట్టిగా మాట్లాడితే ఎవరు వింటున్నారోనని జనం గొంతు తగ్గించుకునే కాలం. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు మనుషుల్ని పట్టుకుపోతున్నారని ఒక వదంతి, భూములు ఫ్యాక్టరీకి పోతాయని ఇంకొకటి. అలాంటి రోజుల్లో ఒక ట్రంకు పెట్టె, ఒక వాలుకుర్చీ బండి మీద వేసుకుని ఈవిడ మా ఊరు వచ్చారు. మా ముందు గది అద్దెకిస్తామని ఎవరో చెప్పారట. పట్నం పాత ఊళ్ళో ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పేవారు. ఉద్యోగం మధ్యలో వదులుకున్నారు. భర్త లేరు, పిల్లలు లేరు.

మా అత్తగారు నన్ను వంటింట్లోకి లాగి అడిగింది. "ఏటే, పిల్లలు నేని మనిసి పిల్లల కతలు రాత్తాదా? పట్నంలో లేని పిల్లలు మనూరిలో ఉన్నారేటి? ఏదో ఉన్నాదే. కనిపెట్టి ఉండు."

ముందు గదిలో పిన్నిగారు అదే పనిలో ఉన్నారు. గడియ లాగి చూశారు, కిటికీ ఊచలు కదిపి చూశారు, బావి నీళ్ళు గాజు గ్లాసులో పోసి వెలుతురుకి పట్టి చూశారు. తర్వాత నా వైపు తిరిగి, "ఇంతకుముందు ఉన్నవాళ్ళు ఎందుకు ఖాళీ చేశారమ్మా?" అన్నారు. అంతకుముందు ఎవరూ లేరు, అక్కడ ధాన్యం పోసుకునేవాళ్ళం. ఆ మాట చెప్పినా నమ్మినట్టు కనిపించలేదు.

ఎందుకొచ్చారని తర్వాత నేనే అడిగాను. ఆవిడ దాచలేదు. "బళ్ళో కథ చెప్తే పిల్లలు నవ్వుతారు. నవ్వరా మరి, మార్కులు నా చేతిలో ఉంటే? అది నవ్వో, భయమో నాకెలా తెలుస్తుంది? నేనంటే లెక్కలేని పిల్లలు కావాలి. అందుకు వచ్చాను" అన్నారు.

మా ఊళ్ళో అలాంటి పిల్లలకు కొదవ లేదు. పొద్దున్నే తలంటుకున్నంత శ్రద్ధగా పెన్సిళ్ళు చెక్కుకుని, ఒళ్ళో అట్ట పెట్టుకుని ఆవిడ రాసేవారు. రాసింది ఎండ ఎక్కేలోపు పైకి చదివేవారు. పశువుల్ని తోలుకెళ్ళే పిల్లలు ఆగి వినేవారు, విసుగొస్తే మధ్యలోనే లేచి పోయేవారు. చదువుతున్నంతసేపూ పిన్నిగారు ఓరకంట వాళ్ళ పాదాలు చూసేవారు. "ముఖం మర్యాద నేర్చుకుంటుంది. పాదం నేర్చుకోదు" అనేవారు. ఎక్కడ కాళ్ళు కదిలాయో అక్కడ పెన్సిలుతో గీత. "బాగుంది" అన్నవాణ్ణి అస్సలు వదిలేవారు కాదు. ఏం బాగుంది, ఎందుకు బాగుంది, అంటే మిగతాది బాగులేదా అని వాణ్ణి ఏడిపించినంత పని చేసేవారు. "అందమైన" అనే మాట రాయడం నేను చూడలేదు. ఎవరు చూసి చెప్పారు అందమని, అని అడిగేవారు.

ఒకసారి ఆవిడ రాసిన కథలో ఒక కోడలు కాకి ఉంది. అత్త కాకి ఎప్పుడు పిలిచినా "వస్తన్నానత్తా" అంటుంది, గూట్లోంచి మాత్రం కదలదు. విన్న రోజంతా నాకు నిప్పు మీద ఉన్నట్టే ఉంది. సాయంత్రం ఉండబట్టలేక, "ఆ కాకి నేనా పిన్నిగారూ?" అన్నాను. ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూసి, "నీకు అనుమానం వచ్చిందంటే ఎంతోకొంత నువ్వే అయ్యుంటావు" అన్నారు.

అసలు గొడవ నక్క వల్ల వచ్చింది.

ఆవిడ ఒక కుంటినక్క కథ మొదలుపెట్టారు. కోడిని నోట కరుచుకుని, కుక్కలు తరుముతుంటే, ఊరి పొలాలన్నీ దాటి తాటితోపులో పడాలి నక్క. ఎవరైనా అయితే "పరుగెత్తి తప్పించుకుంది" అని రాసేసి భోజనానికి లేస్తారు. ఈవిడకు అనుమానం వచ్చింది. కుంటికాలితో అంత దూరం కుక్కల కన్నా ముందు వెళ్ళగలదా? "కథలో అబద్ధం ఆడొచ్చమ్మా. కాలు లేని అబద్ధం ఆడకూడదు" అన్నారు. మా ఇంట్లో బావి తాడు ఒకటి పాతది ఉంటే తీసుకున్నారు. ఒక కొస నాకిచ్చి, ఒక కొస తాను పట్టుకుని, కోళ్ళగూడు దగ్గర్నుంచి పశువుల మిట్ట మీదుగా పొలాలకు అడ్డం పడ్డారు. ఎదురైన ప్రతి రైతునూ ఆపి, ఈ మడి పేరేమిటి, ఆ గట్టు ఎవరిది, ఇక్కడ బురద ఎన్నాళ్ళుంటుంది అని అడిగారు. కుంటుతూ నడిచి కూడా చూశారు. ఆడవాళ్ళం ఇద్దరం తాడు పట్టుకుని పొలాల్లో తిరుగుతుంటే కలుపు తీస్తున్నవాళ్ళు నడుములెత్తి చూశారు. అప్పుడు ఎవరూ ఏమీ అనలేదు.

ఆ తర్వాత కొద్ది రోజులకే సర్వేవాళ్ళు వచ్చారు. గొలుసులు, జెండాలు, కర్రలు. వాళ్ళు కొలిచింది అవే పొలాలు.

ఇంక చెప్పాలా? నేను బావి దగ్గరకు వెళ్తే మాటలు ఆగిపోయేవి. పాలుపోసే ఆమె ముందు గదికి పాలు మానేసింది. పిల్లల్ని కథలకు పంపడం మానేశారు. "ముందల ఈవిణ్ణి అంపేరు, ఎనకాల ఆలొచ్చేరు" అనేది ఊరి మాట. గూఢచారి అనే మాట మా ఊళ్ళో లేదు గానీ, దానికి సరిపోయే మాట ఒకటి పుట్టించారు. ఆవిణ్ణి తాడుముండ అన్నారు. మా ఆయన నాతో రెండు రోజులు మాట్లాడలేదు. రెండో కొస పట్టింది నేనే కదా.

ఒక సాయంత్రం, పశువులు ఇళ్ళకు చేరే వేళ, మా వాకిట్లోకి ఊరి మగవాళ్ళు వచ్చారు. ముందు మా పెదమావ, మా మావగారి అన్న. ఊళ్ళో ఆయన మాటే మాట.

"అమ్మగోరూ, దాపరికం వద్దు. మీరెవులి మనిసి?" అన్నాడు.

పిన్నిగారు గుమ్మంలోకి వచ్చారు. "ఎవరి మనిషినీ కాదంటే నమ్ముతారా?"

"నమ్మం."

"మీ చోట నేనున్నా నమ్మను. అడగండి."

"తాడెట్టి ఏటి కొలిసేరు?"

"నక్క పరుగు."

ఒకరిద్దరు నవ్వారు. వెనక నుంచి ఒకాయన అరిచాడు. "నక్క పరుగేటి, కుక్క పరుగేటి! మమ్మల్ని ఎర్రోల్ని సేత్తన్నావేటి? బండి కట్టించండి మావా, ఇప్పుడే అంపించేద్దాం."

పిన్నిగారి చెయ్యి గుమ్మం పట్టుకుని ఉంది. "కొలిచింది ఎందుకో చదివి వినిపిస్తాను. విన్నాక కూడా పొమ్మంటే రేపు పొద్దున్న బస్సుకు పోతాను. బండి అక్కర్లేదు" అన్నారు. లోపలికి వెళ్ళి కాగితాలు తెచ్చి, నిలబడే చదవడం మొదలుపెట్టారు.

కోళ్ళగూడు. పశువుల మిట్ట. వంకమడి. ముసలమ్మ చెక్క. పాముగట్టు. వాళ్ళ పొలాల పేర్లే ఒక్కొక్కటీ వచ్చాయి. ఎవరి గట్టు ఎక్కడ తెగిందో, ఎవరి మడిలో కాలు దిగబడుతుందో, అన్నీ నక్క కళ్ళతో. నేను తలుపు పక్కన నిలబడి మగవాళ్ళ పాదాలే చూస్తున్నాను. దుమ్ము కొట్టుకుపోయిన పాదాలు. ఒక్కటీ కదల్లేదు.

నక్క కాలవ దగ్గరకు వచ్చి నీళ్ళలో దూకిందని చదివారో లేదో, ఇందాక బండి కట్టమన్నాయనే అడ్డుపడ్డాడు. "దూకదు. నోట్లో కోడి ఉన్నాది, నీలల్లో ఎలగ దూకుతాది?"

"ఎందుకు దూకదురా? ఆసన పోద్దని దూకుతాది. కుక్కలికి ఆసన తగలదు గదా" అన్నాడు పెదమావ.

"నాను సూసేను మావా! గట్టట్టుకునే ఎల్తాది."

"నువ్వు సూసింది నక్కా, కుక్కా?"

వాకిలంతా రెండు వర్గాలైపోయింది. పిన్నిగారు గుమ్మంలోనే కూలబడి, పెన్సిలు తీసి, ఎవరేమంటున్నారో గబగబా రాసుకుంటున్నారు. "కోడిని ఏ వైపు పట్టుకుంటుంది బాబూ, మెడ దగ్గరా, వీపు మీదా?" అని మధ్యలో అడుగుతున్నారు. పెదమావ తన చెయ్యి కొరికి చూపించాడు.

చీకటి పడబోతుంటే పెదమావకు వచ్చిన పని గుర్తొచ్చింది. కాసేపు గడ్డం గోక్కున్నాడు. "ఉండండి అమ్మగోరూ. కానీ ఆ తాడు మాయింటికాడ ఎట్టండి" అన్నాడు. పిన్నిగారు తాడు తెచ్చి ఇచ్చారు. ఆయన దాన్ని చుట్ట చుట్టి భుజానికి వేసుకుని వెళ్ళాడు.

జనం వెళ్ళాక నేను సంతోషంగా మా అత్తగారి దగ్గరకు పోయాను. "విన్నారా అత్తా, ఎంత బాగా రాశారో" అన్నాను.

ఆమె పొయ్యి ఊదుతూ తల ఎత్తలేదు. "ఇన్నాను. కత బాగున్నాది. కత బాగుంతే మనిసి మంచిదని ఎవులు సెప్పేరు నీకు?"

ఈ మాట పిన్నిగారికి చేరవేశాను. నొచ్చుకుంటారనుకున్నాను. ఆవిడ చాలాసేపు నవ్వారు. "ఈ ఊళ్ళో నా కథ సరిగ్గా విన్నది మీ అత్తగారొక్కతే" అన్నారు.

ఆ కథ మద్రాసులో ఒక పిల్లల మాసపత్రికకు పంపితే తిరిగొచ్చింది. పొలాల పేర్లు తీసేయాలి, చివర్లో నక్కకు బుద్ధి రావాలి, అలా అయితే వేస్తామన్నారు. ఆవిడ కాగితాలు పెట్టెలో పడేశారు. "నక్కకు బుద్ధెందుకు రావాలి? దాని ఆకలి మారిందా?" అన్నారు. పేర్లు తీయమన్నందుకు మాత్రం చాలా రోజులు మథనపడ్డారు. పేర్లు తీయమనడంలో వాళ్ళ ఉద్దేశం ఏమై ఉంటుందని నన్ను అడిగేవారు, నాకు తెలిసినట్టు.

తర్వాత ఫ్యాక్టరీ కోసం ఊరు లేచిపోయింది. అది పెద్ద కథ. అందరికీ తెలిసిందే. మేము సామాన్లతో గాజువాక వైపు కొత్త కాలనీకి వచ్చాం. పిన్నిగారు అంతకు ముందే పట్నం పాత ఊరు వెళ్ళిపోయారు. మేము బళ్ళు ఎక్కే రోజున వస్తారని చూశాను. రాలేదు. పొలాల పేర్లు దొరికాయి కదా, ఇంక మాతో పనేముందని మా అత్తగారు అంది. నాకూ ఆ అనుమానం పట్టుకుంది. కొన్నేళ్ళ పాటు వదల్లేదు.

ఆ కథ చివరికి పుస్తకంగా వచ్చింది. పాత ఊళ్ళో ఒక సాయిబుగారి ప్రెస్సులో వేశారు. "అమ్మా, నక్కను ఎవరు కొంటారు?" అంటూనే ఆయన అచ్చు వేశాడట. ఒక కాపీ పోస్టులో మాకు వచ్చింది. మా పిల్లలకు చదువుతుంటే మా అత్తగారు దూరంగా కూర్చుని, వినడం లేదన్నట్టు ఆకు వక్క నములుతోంది. సగంలో ఒక్కసారి కేక వేసింది.

"ఆగు! వంకమడి దాటకుండా ముసలమ్మ సెక్కలోకి ఎలగొచ్చేసినాది? నక్క ఎగిరొచ్చినాదేటి?"

మళ్ళీ చదివాను. నిజమే. పుస్తకంలో మావాళ్ళ పొలం ముక్క ముసలమ్మ చెక్క ముందుంది, వంకమడి వెనక ఉంది. "రాయి ఆవిడికి. తప్పు రాసినాదని రాయి. మా సెక్క అక్కడ నేదని రాయి" అని నా చేత కార్డు రాయించింది.

కార్డు అందిన వారానికే పిన్నిగారు మా కాలనీకి వచ్చారు. కుశలప్రశ్నల్లేవు. "మీరు పొరబడ్డారేమో, నేను తాడుతో కొలిచాను" అన్నారు. "నాను పుట్టినకాణ్ణుంచి నడిసేను" అంది మా అత్తగారు. వెళ్ళి చూసుకుందామంటే పొలాలు లేవు. ఆ చోట గోడలు, రోడ్లు, ఆకాశమంత షెడ్లు. ఇద్దరూ మొండివాళ్ళే. చివరికి మా అత్తగారు వంటింట్లోంచి చేతికందినవి తెచ్చి గచ్చు మీద పేర్చడం మొదలుపెట్టింది. పీట పశువుల మిట్ట. వంకాయ వంకమడి. గరిట పాముగట్టు. చెంబు తాటితోపు. ఒక ఉల్లిపాయ తీసి, ఎక్కడ పెట్టాలో వెతుక్కున్నట్టు కాసేపు చేతిలోనే ఉంచుకుని, వంకాయకు అవతల పెట్టింది. "ఇది మా అత్త సెక్క" అంది. దాని మీంచి చెయ్యి వెంటనే తీయలేదు. పిన్నిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత వంగి, రెండు వేళ్ళను కుంటినక్కలా నడిపించుకుంటూ పీట దగ్గర్నుంచి చెంబు దాకా వెళ్ళారు.

"మీరు చెప్పిందే రైటు" అన్నారు.

రెండో కూర్పులో సరిచేశారు. మా అత్తగారు అది కూడా చదివించుకుని విని, "ఇప్పుడు నడుత్తాది" అంది.

గచ్చు మీద పొలాలు పేర్చిన రోజున ఆవిణ్ణి బస్సు దాకా దింపడానికి వెళ్తుండగా నాకు ఒక సంగతి తట్టింది. ఆ రోజు ఊరి మగవాళ్ళ ముందు చదివినప్పుడు వంకమడి ముందే వచ్చింది. నాకు బాగా గుర్తు. నక్క కాలు ఎక్కడ పడుతుందో పొలాల్లో నడిచి చూసుకున్న మనిషి, అచ్చులో పొలాన్నే తారుమారు చేస్తుందా? "పిన్నిగారూ, ఆ తప్పు మీరు కావాలనే చేశారా?" అన్నాను.

"ఈ అనుమానం నీకెప్పుడొచ్చింది?"

"ఇప్పుడే."

"ఆలస్యంగా వచ్చింది" అని బస్సెక్కేశారు. అంతకుమించి ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. సాయిబుగారి ప్రెస్సువాళ్ళు అక్షరాలు పేర్చడంలో చేసిన పొరపాటే కావచ్చు. ఆ తర్వాత మాత్రం నెలకోసారైనా మా ఇంటికి రావడం, వీధి మెట్టు మీద మా అత్తగారి పక్కన కూర్చుని ఆమెతో పొలాల గురించి, గట్ల గురించి, ఏ చెట్టు ఎవరిదన్న దాని గురించి వాదం పెట్టుకోవడం ఆవిడకు అలవాటైంది. ఇద్దరూ ఒకర్నొకరు ఎన్నడూ పూర్తిగా నమ్మలేదు. ఒకరి మాటకు ఒకరు సాక్ష్యం అడుగుతూనే ఉండేవారు. ఊరు లేచిపోయిన మనుషులం, మా ఊరు ఇలా ఉండేదని చెప్తే వినడానికే ఎవరికీ తీరిక లేదు. తప్పు పట్టడానికైనా శ్రద్ధగా విన్నది ఆవిడే. అందుకు నేను రుణపడి ఉన్నాను.

పిన్నిగారు పోయారని చూసి, వాళ్ళ ఇంటి నుంచి తిరిగొచ్చేసరికి సాయంత్రమైంది. చూసింది చూసినట్టు మా అత్తగారికి చెప్పాను. ఈసారి ఎవులు సెప్పేరని అడగలేదు. చేతులు కడుక్కుని, చీర కొంగు తలమీదికి లాక్కుని, వీధి మెట్టు మీద ఒక చివరగా కూర్చుంది. పక్కింటి ఆమె సంగతి తెలిసి పలకరించడానికి వచ్చి ఆ పక్కన కూర్చోబోయింది. మా అత్తగారు చెయ్యి అడ్డం పెట్టింది. "అక్కడ కాదు. కింది మెట్టు మీద కూకో" అంది. లారీలు లేపిన దుమ్ము మెల్లగా వచ్చి ఆ ఖాళీ చోట పడుతుంటే, రోడ్డు వైపు చూస్తూనే, అరచేత్తో దాన్ని తుడుస్తూ ఉంది.